మొన్నటి తీజ్‌కు మా తండాల డీజే పెట్టలేదు



శ్రావణం మళ్లీ దగ్గరికొస్తున్నది. ఇంకొన్ని రోజులైతే తండాల్లో చందాలు మొదలైతయి. దాంతోపాటే "ఈసారి డీజే ఎవరిది" అనే మాట కూడా మొదలైతది. ఆ మాట గట్టిపడక ముందే మా సంగతి చెప్పాలని రాస్తున్నం. కొంచెం పొడుగైతది, ఓపిక చేసుకొని చదవండి.

మేము చేవెళ్లలో హాస్టల్ల ఉండి డిగ్రీ చదువుతున్నం. ఒక రూముకు నలుగురం. ముగ్గురం పరిగి దిక్కు ఒకే తండా పిల్లలం. నాలుగోడు మణుగూరు దిక్కు కోయ పిల్లగాడు, సీటు ఇక్కడ వచ్చిందని అంత దూరం నుంచి వచ్చిండు. నలుగురి ఇండ్లల్ల కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. టైపు కొట్టేది ఒకడే అయినా నలుగురం కూర్చొని ఒప్పుకున్నంకనే పెడుతున్నం, అందుకే "మేము" అని రాస్తున్నం.

శని, ఆదివారాలు మేము మొయినాబాద్ పోతం. చదువుకు కాదు, క్యాటరింగ్‌కు. బీజాపూర్ రోడ్డు మీద రెండు దిక్కులా మర్రిచెట్లు ఉంటయి కదా, ఆ చెట్ల కింద నుంచి బస్సులో పోయి, అక్కడి నుంచి కాంట్రాక్టర్ ఆటోల ఏదో ఒక ఫామ్‌హౌస్‌కు. రాత్రికి 700. తెల్ల చొక్కా, నల్ల ప్యాంటు మనమే తెచ్చుకోవాలె. మెడకు కట్టే బో మాత్రం వాళ్లిస్తరు, పోయేటప్పుడు లెక్కబెట్టి తీసుకుంటరు. స్కాలర్‌షిప్ ఎప్పుడొస్తదో ఎవరికీ తెల్వదు గానీ పరీక్ష ఫీజు ఆఖరి తారీఖు మాత్రం నోటీసు బోర్డు మీద పెద్దగా ఉంటది. అందుకే పోతం.

అన్ని ఫామ్‌హౌస్‌లు అక్కడే ఎందుకున్నయో మొదట్ల మాకు అర్థం కాలేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చెరువులకు నీళ్లొచ్చే 84 ఊర్లల్ల పెద్ద కట్టడాలు, ఫ్యాక్టరీలు రావద్దని 1996లో 111 జీవో ఇచ్చిండ్రు. మొయినాబాద్, చేవెళ్ల దిక్కు ఊర్లు అందులో ఉన్నయి. అపార్ట్‌మెంట్లు ఆగినయి. తోటలు, లాన్లు, లాన్ల మీద స్టేజీలు మాత్రం వచ్చినయి. జీవోల నీళ్ల గురించి ఉంది గానీ సౌండ్ గురించి లేదు మరి.

ఆ లాన్లల్ల మేము విన్నన్ని పాటలు మా పుట్టినకాడి నుంచి వినలేదు. సంగీత్ అంటే మేము మొదలు క్లాసు అనుకున్నం! తర్వాత తెలిసింది, పెండ్లికి ముందు రాత్రి డ్యాన్సులని. ఒక రాత్రి గజల్, ఒక రాత్రి సినిమా పాటల బ్యాండ్, ఇంకో రాత్రి ఇద్దరే పిల్లలు గిటారు పట్టుకొని. బ్యాండ్ వాళ్లు మధ్యాహ్నం మూడింటికే వస్తరు. వైర్లు గుంజుకుంటరు, ఒక్కొక్క మైకును కొట్టి చూస్తరు, "చెక్ చెక్" అనుకుంట గంట సేపు. పాడేది గంటన్నర. జనరేటర్ వెనక అన్నం మాత్రం మాతో పాటే తింటరు, పన్నెండు దాటినంక. స్టేజీ మీద నిలబడ్డోళ్లకు, ట్రే పట్టుకొని తిరిగినోళ్లకు ఒకటే చల్లబడ్డ బిర్యానీ. అప్పటి నుంచి మాకు పాటలు పాడేటోళ్లంటే కూలికొచ్చినోళ్లు అనే లెక్కనే ఉంటది, చిన్నచూపుతో కాదు, మనోళ్లు అన్నట్టు.

ఇప్పుడు తప్పు ఒప్పుకోవాలె. 2024 తీజ్‌కు మా తండాలకు డీజే తెచ్చింది మేమే.

లంబాడీలు కాని వాళ్ల కోసం రెండు మాటలు. తీజ్ పెండ్లి కాని ఆడపిల్లల పండుగ. చిన్న బుట్టలల్ల పుట్టమన్ను, ఎరువు కలిపి నానబెట్టిన గోధుమలు చల్లుతరు. నాయక్ ఇంటి ముందు మంచె కట్టి దాని మీద పెడతరు. తొమ్మిది రోజులు ఆడపిల్లలే నీళ్లు పోస్తరు, ఉప్పూ కారం లేని తిండి తింటరు. రేగుముళ్లకు శనగలు గుచ్చే రోజు ఒకటుంటది, ఆ రోజు బావ వరస పిల్లగాండ్లు కొమ్మను ఊపి సతాయిస్తరు. తొమ్మిదో రోజు మొలకలను చెరువుల కలుపుతరు. తండాకొక తారీఖు, తండాకొక పద్ధతి ఉంటది, మీ తండాల వేరే ఉంటే కోపం చేయొద్దు. ఇందులో ప్రతి పనికి ఒక పాట ఉన్నది. నీళ్లు పోసే పాట వేరు, అన్నను పిలిచే పాట వేరు, సాగనంపే పాట వేరు. ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు గుండ్రంగా తిరుగుకుంట అందుకుంటరు. కూర్చొని వినేటోళ్లంటూ ఎవరూ ఉండరు.

దాని నడుమ మేము ట్రాక్టర్ మీద ఎనిమిది డబ్బాలు తెచ్చి పెట్టినం. 22,000. అందులో 9,000 మా మొయినాబాద్ పైసలు. మేము సంపాదించి పండుగకు ఇచ్చినమని ఛాతీ ఉబ్బించుకొని తిరిగినం. అబద్ధమెందుకు, ఆ రాత్రి మస్తు ఎగిరినం. చెల్లెండ్లు కూడా ఎగిరిండ్రు. మా నాయనలు కూడా రెండు స్టెప్పులేసిండ్రు. కానీ సాయంత్రం నీళ్లు పోసే పాట పిల్లలు మొదలుపెట్టంగనే డీజే పిల్లగాడు సౌండ్ చెక్ అని బేస్ వదిలిండు. పాట ఆడ్నే తెగింది. నీళ్లు మాత్రం పోసిండ్రు, పాట లేకుండ. మాలో ఒకడి దాదీ, తండాల పాట ఎత్తుకునేది ఆమెనే, లేచి ఇంట్లకు పోయింది. నంగారా నాయక్ ఇంట్ల మేకుకే వేలాడింది, దించలే. తెల్లారి చెరువు కాడ పిల్లలు ఏడ్చుకుంట సాగనంపే పాట పాడాలె, అప్పుడు ట్రాక్టర్ మీద తీన్మార్ మోగుతున్నది. వాళ్ల నోర్లు కదులుతున్నయి గానీ ఏం పాడుతున్నరో పక్కన నిలబడ్డ మాకే వినవడలేదు.

హాస్టల్‌కు వచ్చే రోజు మా చెల్లె అన్నది, "భియా, తీజ్ మాది కదా. ఏ పాట ఉండాల్నో మీరెట్ల తేల్చిండ్రు?"

మేము నవ్వి బస్సెక్కినం. జవాబు లేనప్పుడు మగపిల్లలం చేసే పనే అది.

ఆ చలికాలం పెండ్లిళ్ల సీజన్ల మొయినాబాద్‌ల రెండు మూడు సంగతులు జరిగినయి.

ఒక ఫంక్షన్ల "లంబాడీ డ్యాన్స్" అని ఐటెం పెట్టిండ్రు. అద్దాల లంగాలు, చేతి నిండ గాజులతోని ఆరుగురు అమ్మాయిలు. మేము పనీర్ ట్రేలు పట్టుకొని మన బోలీల పలకరిస్తే అయిదుగురు మొఖాలు చూసుకున్నరు, ఒక్కామె మాత్రం నవ్వింది. దేవరకొండ దిక్కు తండా అంట. "అక్కా, పాట రికార్డు పెట్టినరేంది, మీరు పాడరా" అంటే, "ఇక్కడ బీట్ కావాలె తమ్ముడూ, నేను పాడితే ఎవరు ఆగి వింటరు" అన్నది. ఆమెకు కోపం లేదు, బాధ లేదు. ఐటెంకు ఎంత వస్తదో చెప్పి పోయింది. మాకన్న ఎక్కువే.

సౌండ్ అన్న ఒకాయన మాలో ఒకడికి దోస్తయిండు. మిక్సర్ పక్కన కూర్చోనిచ్చేటోడు. ఆయన ఒకసారి చెప్పిండు, "పాట వినవడ్తలేదని అందరూ వచ్చి గొంతు పెంచమంటరు. పెంచుకుంట పోతే మైకు కుయ్‌మంటది. ముందుగాల ఆ గొంతుకు ఏం అడ్డమొస్తున్నదో చూసి దాన్ని తగ్గియ్యాలె." ఆయన చెప్పింది బేస్ గిటారు గురించి. మాకు మాత్రం ట్రాక్టర్ యాదికొచ్చింది.

మూడోది మార్వాడీల సంగీత్. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు పెట్టొద్దని 2000 సంవత్సరం నుంచే శబ్ద కాలుష్యం నియమాలు ఉన్నయి. చాలాసార్లు ఎవరూ పట్టించుకోరు. ఆ రాత్రి ఎవరో ఫోన్ చేస్తే పోలీసులొచ్చిండ్రు, సౌండ్ బంద్. పిల్లలందరూ మొఖాలు వేలాడేసిండ్రు. అప్పుడు పెండ్లికొడుకు నాయనమ్మ ఇంకో ఐదారుగురు ముసలమ్మలను కూర్చోబెట్టుకొని ఢోలక్ తెప్పిచ్చింది. ఒకామె ఢోలక్ మీద చెంచాతో కొడుతున్నది. పాట ఎత్తుకున్నరు. మేము ప్లేట్లు తీస్తూ తీస్తూ ఆగిపోయినం. మాటలు మాకు సగం అర్థమైతున్నయి! మన బోలీ రాజస్థాన్ దిక్కు భాషలకు చుట్టమని చదువుకున్నం గానీ, చెవితోని వినుడు అదే మొదలు. అచ్చం మా దాదీలు ఎత్తుకున్నట్టే ఒకరు అనుడు, మిగతావాళ్లు అందుకునుడు. కోట్ల పెండ్లి, ఆఖరికి వాళ్లు కూడా ఆ పాటల కాడికే వచ్చిండ్రు. సూపర్‌వైజర్ తిట్టేదాక నిలబడి విన్నం.

ఆ రాత్రి హాస్టల్ల పండుకోకుండ మాట్లాడుకున్నం. కోయ దోస్తు వాళ్ల దిక్కు సంగతి చెప్పిండు. డోలు పట్టి సమ్మక్క సారలమ్మల చరిత్ర పాడే సకిని రామచంద్రయ్య తాతకు 2022ల పద్మశ్రీ వచ్చింది, 2024 జూన్ల చనిపోయిండు. గుస్సాడీ కనకరాజు తాతకు 2021ల వచ్చింది, ఆయన కూడా 2024 అక్టోబరులనే పోయిండు. "అవార్డు ఇచ్చినప్పుడు ఫోటోలు స్టేటస్ పెట్టినం. ఆయన పాడింది ఒక్కటన్న నాకు నోటికి వస్తదా అంటే రాదు" అన్నడు. మేము కూడా లెక్క చూసుకున్నం. తీజ్ పాటలల్ల మాకు అందుకునే ముక్క వస్తది. ఎత్తుకునే ముక్క ముగ్గురిలో ఒక్కడికీ రాదు.

2025 తీజ్‌కు డీజే వద్దని తండాల మేమే చెప్పినం. తేలిగ్గ కాలేదు. మాకన్న చిన్న పోరగాండ్లు కొట్లాటకొచ్చిండ్రు. "మీరు ఫామ్‌హౌస్‌లల్ల వారం వారం వింటరు. మాకు ఏడాదికి ఒక్క రాత్రి, అది కూడా గుంజుకుంటరా" అన్నరు. వాళ్లన్నది తప్పు అని మేము ఇప్పటికీ అనలేం. ఆఖరికి పాటలయినంక వాళ్ల కోసం ఒక చిన్న స్పీకర్ పెట్టుకుందామని ఒప్పందమైంది. డీజేకు పెట్టే పైసల నుంచి నంగారా తోలు బాగు చేయిద్దామనుకున్నం.

ఇక తారీఖులు చూడండి. ఆగస్టు 15 శుక్రవారం, 16 శనివారం కృష్ణాష్టమి, 17 ఆదివారం మా తీజ్ తొమ్మిదో రోజు. మూడు రోజులు వరుసగా సెలవులు. హైదరాబాద్ అంతా మొయినాబాద్ మీదనే పడ్డది. కాంట్రాక్టర్ ఫోన్ చేసి రాత్రికి 1,200 ఇస్తనన్నడు, మూడు రాత్రులు. శుక్రవారం పొద్దున హాస్టల్ల జెండా ఎగరేసి, రాత్రికి నలుగురం పనికి పోయినం. మిగతా రెండు రాత్రులకు ఏం చేయాలె? మాలో ఒకడికి ఫీజు ఇంకా 2,000 తక్కువుంది, మంగళవారం ఆఖరు తారీఖు. ముగ్గురం కలిసి ఇస్తమంటే తీసుకోలేదు. అప్పటికే మాకు బాకీ ఉన్నడు. వాని చెల్లె ఆ ఏడు మొదటిసారి తీజ్ పెట్టింది. "మీరు పోయి రాండ్రి" అని బో కట్టుకున్నడు. దాని గురించి ఇంతకన్న రాయొద్దన్నడు.

శనివారం మొదటి బస్సుకు ముగ్గురం బయలుదేరినం. కోయ దోస్తు చూస్తనని వచ్చిండు. మన్నెగూడ కాడ దిగి పరిగి బస్సు పట్టుకునేసరికి ఆపకుండ వాన.

తండాల అసలు కష్టం అప్పుడు తెలిసింది. డీజే తీసేస్తే పాట దానంతట అదే వస్తదనుకున్నం. రాలేదు. నంగారా కొట్టే తాత హైదరాబాద్‌ల ఒక అపార్ట్‌మెంట్ కాడ వాచ్‌మెన్, ఆదివారం మధ్యాహ్నం దాక సెలవు దొరకలేదు. వాన తేమకు కొత్త తోలు కూడా వదులై బద్దబద్దమంటున్నది. పొయ్యి సెగకు పెట్టి పెట్టి బిగుసుకునేదాక కాపినం. కోయ దోస్తు పట్టిండు. వాడు వాళ్ల దెబ్బ కొడితే మా ఆడోళ్ల అడుగు పడదు. ఆడోళ్లు నవ్వుడే నవ్వుడు. ఒక పెద్దమ్మ కంచు తాళి పట్టుకొని వాని ముందర కూర్చొని కొట్టి చూపిచ్చింది, పది నిమిషాలకు దారికొచ్చిండు.

దాదీని పిలవడానికి పోతే మంచం మీద నుంచి లేవలేదు. "మీ పెట్టె పాడుతది కదరా, నేనెందుకు" అన్నది. తప్పయిందన్నం. "పండ్లు లేవు, పాట ఏడొస్తది" అన్నది. కాళ్లు మొక్కినా కదలలేదు. మేము బయటికొచ్చి తలలు వంచుకొని నిలబడ్డం. అప్పుడు మా చెల్లె నీళ్ల బిందె పట్టుకొని తనే ఎత్తుకున్నది. మొదటి వరస బాగానే పోయింది. రెండో వరస తప్పింది. మూడోది కూడా తప్పింది. ఇంట్ల నుంచి దాదీ గట్టిగ అరిచింది, ఆ మాట కాదే అని. మళ్లీ తప్పింది. ఇక ఊకోలేక, కర్ర పట్టుకొని, సణుగుకుంట బయటికొచ్చింది. చెల్లె కావాలని తప్పు పాడిందా, నిజంగనే రాకనా అంటే ఈరోజుకీ చెప్పదు.

ఆ రాత్రి పదకొండు పాటలు పాడిండ్రు. మంచె కింద బల్బు ఒక్కటే, పైన టార్పాలిన్ మీద వాన చప్పుడు. సౌండ్ అన్న చెప్పింది యాదికొచ్చి ఫోన్‌ను తాళికి దూరంగ, దాదీ మోకాలి కాడ పెట్టి రికార్డు చేసినం. పండ్లు లేని నోటితోని కొన్ని మాటలు జారినయి. వాటిని పక్కనున్న ముసలమ్మలు పట్టుకున్నరు. చిన్నపోరగాండ్లు ముందు అలిగి దూరంగ కూర్చున్నరు. ముళ్ల పాటకు మాత్రం వచ్చి కలిసిండ్రు, అందులో బావలను తిట్టే ముక్కలుంటయి కదా. తర్వాత స్పీకర్ పెట్టినం, అర్ధరాత్రి దాక వాళ్లు కూడా ఎగిరిండ్రు.

నడుమల మొయినాబాద్‌కు ఫోన్ కలిపినం. వాడు గిన్నెలు కడిగే కాడికి పోయి ఎత్తిండు. వాని దిక్కు నుంచి ఏదో బ్యాండ్, డ్రమ్ము దెబ్బలు వస్తున్నయి. మేము ఫోన్‌ను వాని చెల్లె దగ్గర పెట్టినం. ఆమె పాడుకుంటనే ఉన్నది, మాట్లాడలేదు. వాడు కూడా మాట్లాడలేదు. పద్నాలుగు నిమిషాలు అట్లనే ఉన్నది కాల్. తర్వాత ఎవరో వాన్ని కేకేసినట్టు వినవడ్డది, కట్టయింది.

ఆదివారం నంగారా తాత వచ్చిండు. ఆయన మొదటి దెబ్బ వేయంగనే మా దోస్తు కర్రలు కింద పెట్టి, "నేను కొట్టింది వంటపాత్ర" అన్నడు. చెరువు కాడ అన్నదమ్ములం చెల్లెండ్ల కాళ్లు కడిగినం. వాళ్లు మొలకలు తెంపి మా తలపాగలల్ల పెట్టిండ్రు. ఆ పిల్ల కాడికి వచ్చేసరికి మేము కడుగుతమంటే, "మీరు మీ చెల్లెండ్లయి కడగండి" అన్నది. తన మొలకలు కొన్ని తడిగుడ్డల చుట్టి పక్కన పెట్టుకున్నది. అప్పుడు సాగనంపే పాట మొదలైంది. బిడ్డను అత్తగారింటికి పంపుతున్నట్టే ఏడ్చుకుంట పాడుతరు అది. 2024ల మాకు వినవడనిది ఇదే. దాదీ గొంతు జీరపోయింది. ఆమె ఆగిన కాడల్లా వాన, నంగారా, పిల్లల ఏడుపు వినవడ్డయి. నీళ్లల్ల ఆకుపచ్చగ మొలకలు కొట్టుకపోయినయి.

సోమవారం హాస్టల్‌కు వచ్చి తడిగుడ్డ మూట వానికిచ్చినం. స్టీలు గ్లాసుల నీళ్లు పోసి కిటికీల పెట్టుకున్నడు. వాన్కి 3,600 వచ్చినయి, ఫీజు కట్టిండు. రాత్రి తలుపేసి రికార్డింగ్ పెట్టమన్నడు. శనివారం పదకొండు పాటలు మంచిగనే ఉన్నయి. ఆదివారం పాట సగంలనే ఆగిపోయింది. ఫోన్ల జాగా నిండిందంట, అందులో సినిమాలు డౌన్‌లోడ్ చేసి పెట్టింది మేమే. వాడు ఏమనలేదు. ఉన్న సగమే మూడుసార్లు విన్నడు.

పదకొండు పాటలను తెలుగు అక్షరాలల్ల రాస్తున్నం. మన బోలీకి సొంత లిపి లేదు కదా, కొన్ని శబ్దాలకు ఏ అక్షరం పెట్టాల్నో కొట్లాడుకుంట రాస్తున్నం. ఏడు అయినయి. పన్నెండోది మాత్రం సగమే ఉన్నది. సంక్రాంతికి పోయినప్పుడు దాదీని పాడమంటే, తీజ్ లేని రోజు ఆ పాట నోట్లకు తేవద్దు, శ్రావణం రానీ అన్నది. ఈ ఎండాకాలం ఆమె మంచం దిగలేదు.

అందుకే అడుగుతున్నం. మీ తండాలల్ల సాగనంపే పాట మొత్తం తెలిసిన దాదీలు, నానీలు ఎవరన్న ఉంటే, ఈసారి తీజ్ తొమ్మిదో రోజు వాళ్ల మోకాలి కాడ ఒక ఫోన్ పెట్టండి. తాళికి దూరంగ. మాటలు వేరే ఉన్నా సరే, మాకు పంపండి. మా ఫోన్ల ఇప్పుడు జాగా ఉన్నది.